థెరపీ బడికి రావాలి, తెలుగులో రావాలి

"ఇంట్లో తెలుగు మానేయండి. బడిలో ఏ భాష ఉందో ఆ ఒక్క భాషే పిల్లాడితో మాట్లాడండి." ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా, ఇటు బరంపురం దాకా, మాటలు ఆలస్యమైన పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఈ సలహా వినని తల్లి ఉండదేమో. డాక్టరు చెప్తాడు, టీచరు చెప్తుంది, ఏమీ తెలియని చుట్టాలైతే ఇంకా గట్టిగా చెప్తారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అసలే మాట రావడం కష్టంగా ఉన్న పిల్లాడికి రెండు భాషలు పెడితే తికమక పడతాడని వాళ్ళ భయం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ తప్పు.

2005లో కెనడాలో ఎలిజబెత్ కే-రైనింగ్ బర్డ్ బృందం డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని పరీక్షించి చూసింది. ఇంగ్లీషుతో పాటు ఇంకో భాష కూడా వింటూ పెరిగిన పిల్లలు, ఒక్క ఇంగ్లీషే విన్న పిల్లల కంటే ఇంగ్లీషులో వెనకబడలేదు. తర్వాత ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో కూడా రెండో భాష వల్ల నష్టం జరిగినట్టు తేలలేదు. ఇదేమీ రహస్యం కాదు, స్పీచ్ థెరపీ చదివేవాళ్ళకి పాఠాల్లో ఉండే సంగతే. అయినా ఆ పాత సలహా మా దాకా వస్తూనే ఉంది.

మా చిన్నోడికి ఆటిజం. రెండో తరగతి, మా పర్లాకిమిడిలోనే ఒడియా మీడియం సర్కారు బడి. మా అత్తగారికి సంతలో బేరమాడేంత ఒడియా వచ్చు, మనవడికి కథ చెప్పేంత రాదు. మా ఆయనకి కొట్లో లెక్కలన్నీ ఒడియాలోనే, ఇంటికొచ్చి చెప్పులు విప్పాక నోట్లోంచి వచ్చేది తెలుగే. నాకు వచ్చిన ఒడియా ఎంతంటే, నేను మాట్లాడితే కూరగాయలమ్మే ఆవిడ జాలిపడి తెలుగులో బదులిస్తుంది. ఇలాంటి ఇంట్లో తెలుగు మానేస్తే వాడితో మాట్లాడేదెవరు? తినవా, రావా, పడుకోవా అని ముక్కలు ముక్కలుగా ఆర్డర్లు వేస్తాం తప్ప ముచ్చట ఉండదు. మాట నేర్చుకోవాల్సిన పిల్లాడికి మాటలే తక్కువ వినపడేలా చెయ్యడం ఏ రకం వైద్యమో నాకు అర్థం కాదు. "గుంటడికి మాటలొస్తాయిలే, వాళ్ళ నాన్నకీ లేటే" అని మా అత్తగారు అన్నది కూడా సరైన మాట కాదనుకోండి. ఆ మాట నమ్మి ఎదురుచూస్తూ కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. కానీ ఆవిడ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకొని చెప్పే కబుర్లు మాత్రం ఏ థెరపిస్టూ మానిపించకూడదు.

ఈ ఊరికి ఈ పాఠం బయటివాళ్ళు వచ్చి చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఇక్కడే రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. సవర గిరిజన పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకొని, అందులో పుస్తకాలు రాసి, ఆ భాషలో చెప్పే బడులు పెట్టించారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి క్వినైన్ ఎక్కువగా వాడి వినికిడి పోగొట్టుకున్నారు. చెవుడుతోనే మిగతా జీవితమంతా పనిచేశారు. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 వస్తే ఆయన ఫొటోకి దండ వేసి వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. ఇంటి భాషలో పాఠం వినే హక్కు పిల్లాడికి ఉందని ఆయన ఈ కొండల్లోనే చేసి చూపించిన పని మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఒడిశా ప్రభుత్వం కూడా సవర, కువి, కోయ లాంటి భాషల పిల్లలకి చిన్న తరగతులు వాళ్ళ భాషలో మొదలుపెట్టి దాదాపు 20 ఏళ్ళవుతోంది. మామూలు పిల్లాడికి ఒప్పుకున్న సూత్రం, మాట రాని పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి తలకిందులు ఎందుకవ్వాలి?

ఇంటి భాష పక్కన పెడితే మొదటి దెబ్బ పరీక్ష దగ్గరే తగులుతుంది. ఒక పెద్దాసుపత్రిలో చిన్నోడికి భాష పరీక్ష చేస్తున్నప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. బొమ్మల పుస్తకం తిప్పుతూ పరీక్ష చేసే ఆవిడ ఒడియాలో అడుగుతోంది. గొడుగు బొమ్మ వచ్చింది. వీడు కాసేపు దాన్నే చూసి, బొమ్మలో గొడుగు పిడి మీద వేలు పెట్టి, "గొడుగు" అన్నాడు. స్పష్టంగానే అన్నాడు. ఆవిడ పెన్సిలు కదల్లేదు. నేను "చెప్పాడండీ, తెలుగులో చెప్పాడు" అన్నాను. "ఒడియాలో ఏమంటాడు?" అంది. ఒడియాలో తెలియదన్నాను. ఆ గడి ఖాళీగానే ఉంచి పేజీ తిప్పింది. కాకి, అరటిపండు, మంచం, అన్నీ అంతే. చివరికి రిపోర్టులో రెండేళ్ళ పిల్లాడి స్థాయి అని వచ్చింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆవిడ చేతిలో ఉన్న ఫారం ఒకటే, దానికి తెలిసిన భాష ఒకటే. వీడికి ఏం వచ్చో, ఏం రాదో ఆ రిపోర్టు చెప్పలేదు. వీడికి ఒడియా రాదని చెప్పింది, అది నేను ఫీజు కట్టకుండానే చెప్పేదాన్ని.

"తక్కువ వస్తే మంచిదే కదా, పర్సంటేజీ పెరుగుతుంది, సర్టిఫికెట్ వస్తుంది, పింఛను వస్తుంది" అని మా వీధిలో ఒకాయన సలహా ఇచ్చారు. నవ్వొచ్చింది గానీ ఆయన అన్నదాంట్లో ఈ వ్యవస్థ అసలు గుట్టు ఉంది. కనీసం 40 శాతం వైకల్యం ఉందని రాస్తేనే చాలా తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి పిల్లాడికి ఏమీ రాదని నిరూపించడమే తల్లిదండ్రుల పనైపోయింది. థెరపీ మొదలుపెట్టడానికి కావాల్సింది దానికి పూర్తిగా వేరు. వాడికి ఇప్పటికే ఏం వచ్చో తెలియాలి, అక్కణ్ణుంచి ముందుకు నడపాలి. రెండేళ్ళ స్థాయి అనుకొని మొదలుపెడితే వాడికి ఎప్పుడో వచ్చేసిన పనులే మళ్ళీ నేర్పుతారు. వాడు విసుగెత్తి బల్ల కింద దూరతాడు. అప్పుడు "సహకరించడం లేదు" అని ఇంకో మాట రాస్తారు.

రెండో సంగతి, థెరపీ ఎక్కడ జరగాలన్నది. ఇక్కణ్ణుంచి బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్ళొస్తే ఒక రోజు పోయినట్టే. శ్రీకాకుళమో విశాఖో అంటే అదీ అంతే. ప్రైవేటులో గంటకి నాలుగైదు వందలు. ఆ రోజు బడి పోతుంది, ఇంట్లో ఒకరి కూలో కొట్టో పోతుంది. ఇంత చేసి ఏసీ గదిలో, చప్పుడు లేకుండా, ఒకే ఒక్క మనిషి ఎదురుగా కూర్చుంటే మా వాడు చక్కగా కార్డు తీసి ఇస్తాడు, బంతి అడుగుతాడు, థాంక్యూ కూడా అంటాడు. మర్నాడు బడిలో నలభై మంది అరుపుల మధ్య అవేవీ ఉండవు. ఆటిజం ఉన్న పిల్లలకి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట వాడటం ప్రత్యేకంగా కష్టం. అలాంటి పిల్లాడికి బడికి కావాల్సిన పనులు ఆసుపత్రి గదిలో నేర్పడమంటే ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పడమే.

మా బడిలో జరిగింది చెప్తాను. మధ్యాహ్న భోజనం దగ్గర వీడి గొడవ రోజూ ఒకటే. నీళ్ళు కావాలంటే గ్లాసు నేలకేసి కొట్టేవాడు. పక్క పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు, గురుమా (ఒడియాలో టీచరమ్మ) వచ్చి కసిరేది, వీడు చెవులు మూసుకొని వరండా చివరికి పరిగెత్తేవాడు. అన్నం అలాగే ఉండిపోయేది. బ్లాకు (మన మండలం లాంటిది) నుంచి వచ్చే స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచరు, ఒకరోజు సరిగ్గా భోజనం వేళకి వచ్చి ఇదంతా చూసింది. వీడు బడికి తెచ్చుకునే స్టీలు గ్లాసుకే ఫొటో తీసి, ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, తాడుతో నిక్కరు నడుముకి కట్టింది. మా బడి వంటావిడది పాతపట్నం వైపు పుట్టిల్లు, ఇంట్లో తెలుగే. ఆవిణ్ణి పిలిచి పని చెప్పింది. గ్లాసు కొట్టగానే నీళ్ళు పొయ్యొద్దు. జగ్గు పట్టుకొని ఆగాలి. కార్డు చేతిలో పెట్టగానే, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా, "నీళ్ళా? ఇవిగో నీళ్ళు" అంటూ పొయ్యాలి. మొదట్లో వాడికి తెలియదు కాబట్టి వెనకాల ఒకరు నిలబడి, ఏమీ మాట్లాడకుండా, వాడి చెయ్యి పట్టి కార్డు ఇప్పించాలి. ఐదో తరగతి పిల్ల ఒకతి నేను చేస్తానని ముందుకొచ్చింది. ఇది 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టిన పద్ధతి, బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకోవడం. మా వంటావిడకి ఆ పేర్లతో పనిలేదు. "అడిగితే ఇయ్యాల, కొడితే ఇయ్యకూడదు, అంతే కదమ్మా" అంది. అంతే.

కొన్ని వారాలకి ఆ అమ్మాయి వెనక నిలబడే అవసరం పోయింది. ఆ తర్వాత ఒకరోజు కార్డు ఇస్తూ "నీయి" అన్నాడట. వంటావిడ సాయంత్రం బస్సు దిగి మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళింది. ఇంకో నెలకి తరగతిలో గురుమాకి అదే కార్డు ఇచ్చాడు. ఆవిడ అలవాటుగా "పాణి?" అంది. ఇప్పుడు వంటావిడ దగ్గర నీళ్ళు అడుగుతాడు, గురుమా దగ్గర పాణి అడుగుతాడు. తికమక ఎక్కడ? మనిషిని చూసి భాష మార్చడం ఈ ఊళ్ళో ప్రతి పిల్లాడూ చేసే పనే, వీడు కాస్త ఆలస్యంగా చేశాడు.

ఇందులో స్పెషల్ ఎడ్యుకేటర్ తన చేత్తో చేసిన పని పది నిమిషాలది. మిగతాదంతా అక్కడ రోజూ ఉండే మనుషులు చేశారు. బడిలో థెరపీ అంటే బడికో క్లినిక్ కట్టమని నేను అనడం లేదు. తెలిసిన మనిషి వచ్చి, పిల్లాడు నిజంగా ఇబ్బంది పడే వేళకి అక్కడుండి చూసి, ఉన్నవాళ్ళకి ఏం చెయ్యాలో చేసి చూపించి, మళ్ళీ వచ్చి సరిదిద్దాలి. సెరిబ్రల్ పాల్సీ ఉండి కాళ్ళూ చేతులూ అదుపులో ఉండని పిల్లకి కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద ఒక పీట పెడితే నడుము నిలబడుతుంది, నడుము నిలబడితే చెయ్యి రాస్తుంది. పెన్సిలు పట్టు కుదరని పిల్లలకి పొడుగు సుద్దముక్క బదులు చిన్న ముక్క ఇస్తే పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు, వేళ్ళతోనే పట్టుకుంటారు. ఇలాంటివాటికి డబ్బు ఖర్చు కాదు. చూసే కళ్ళు కావాలి.

ఆ కళ్ళే తక్కువ. మా బ్లాకు స్పెషల్ ఎడ్యుకేటర్ మంచి మనిషి, కానీ బ్లాకంతా ఆవిడదే. కొండ మీద బడులకి వెళ్ళిన వారం మాకు రాదు, మీటింగులున్న వారం ఎవరికీ రాదు. రాసిపెట్టినదానికి లోటేం లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వచ్చాక 21 అయ్యాయి, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు అందులో చేరాయి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. 2021లో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది, చిన్న తరగతుల్లో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని. 2025 మార్చిలో ఆ పోస్టులు ప్రకటించి నింపమని రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. బడుల కోసం ఉన్న కేంద్ర పథకం సమగ్ర శిక్షలో ఇలాంటి ఒక్కో పిల్లాడికి ఏడాదికి లెక్కగట్టేది 3,500 రూపాయలు. ప్రైవేటు రేటుతో చూస్తే ఏడెనిమిది గంటల థెరపీ. ఆడపిల్లలకి దీనికి తోడు నెలకి 200 చొప్పున పది నెలల స్టైపెండు. ఈ అంకెలు చూశాక కూడా "ప్రభుత్వం అన్నీ ఇస్తోంది, తల్లిదండ్రులే పట్టించుకోరు" అనేవాళ్ళతో నేను వాదించడం మానేశాను.

అదే 2016 చట్టంలో, 17వ సెక్షన్లో, సరిహద్దు పిల్లలకి చాలా పనికొచ్చే మాట ఒకటుంది. అవసరమైన పిల్లలకి రెండో, మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. మా పిల్లల మీద ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, ఆ పైన హిందీ. డిస్లెక్సియా ఉండి అక్షరాలు చదవడమే కష్టమైన పిల్లకి మూడు లిపులు ఒకేసారి నేర్పుతూ ఏ అక్షరమూ రావట్లేదని కొడుతున్న బడులున్నాయి. ఈ మినహాయింపు సంగతి నేను అడిగిన హెడ్‌మాస్టర్లలో ఎవరూ విననేలేదు.

మరి ఏరు దాటితే? మహేంద్రతనయ అవతల ఆంధ్రా మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడ తెలుగులోనే చెప్తారు, ఫిజియో కూడా వస్తారు. నేనొక కేంద్రానికి వెళ్ళి అడిగాను. టీచరమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది, వాడితో కాసేపు ఆడింది, వాడు ఆవిడతో ఆ పూట మాట్లాడినన్ని మాటలు ఆసుపత్రిలో ఎప్పుడూ మాట్లాడలేదు. "ఉంచుకోవాలనే ఉందమ్మా, కానీ మీ వాడి పేరు మా లిస్టులో ఎక్కదు, మీది ఒడిశా బడి కదా" అంది. వైకల్యం గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. సేవలు మాత్రం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతాయి. పొద్దున్నే కూరగాయలు, పాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ దాటే గీత అది. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక కాగితం మీద సంతకం పెడితే పోయే అడ్డంకి.

ఒడియా లేకుండా ఇక్కడ ఎలా బతుకుతాడని అడుగుతారు. బతకలేడు, ఒడియా రావాలి. పైన నీళ్ళ దగ్గర వచ్చినట్టు, ఉన్న మాట మీద ఇంకో మాటగా రావాలి. ప్రత్యేక బడిలో వెయ్యొచ్చు కదా అని కూడా అడుగుతారు. వినికిడి లేని పిల్లలకి సైగల భాష మాట్లాడే తోటి పిల్లలు, టీచర్లు ఉన్న బడి నిజంగా మేలు కావచ్చు, ఆ తల్లిదండ్రుల నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. మా వాడికి మాత్రం వెనకాల నిలబడి చెయ్యి పట్టుకున్న ఆ ఐదో తరగతి పిల్ల కావాలి. ఇక థెరపిస్టులందరూ తెలుగు ఎక్కడ నేర్చుకుంటారంటే, నేర్చుకోనక్కర్లేదు. పరీక్ష చేసేటప్పుడు తల్లినో, తెలుగు తెలిసిన మనిషినో పక్కన కూర్చోబెట్టి, పిల్లాడు ఏ భాషలో చెప్పినా రాసుకుంటే చాలు.

మధ్యలో ఒక మాట. ఆటిజం పూర్తిగా తగ్గిస్తామని బోర్డు పెట్టిన చోటికి వెళ్ళకండి. స్పీచ్ థెరపిస్టు అయినా, స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళని వదిలేయండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఇన్సూరెన్సు ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీకి కూడా అందులో వాటా ఉంది. మా చుట్టుపక్కల అర్హులైన ఇళ్ళలో ఎక్కువమందికి దాని పేరే తెలియదు.

ఈ నెల మా బడి మేనేజ్‌మెంట్ కమిటీకి కొందరు తల్లులం కలిసి ఒక అర్జీ ఇచ్చాం, నకలు బ్లాకు విద్యాధికారికి (బీఈఓ). పక్కింటి మాస్టారు ఒడియాలో రాసిపెట్టారు. ఒకటి, స్పెషల్ ఎడ్యుకేటర్ వచ్చే రోజు ముందే నోటీసు బోర్డు మీద రాయాలి, ఆ రోజు భోజనం వేళ దాకా ఉండాలి. రెండు, ప్రతి పిల్లాడి ప్లానులో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని కాకుండా, ఏ వేళకి, ఎవరి దగ్గర, ఏం అడగగలగాలో రాయాలి. మూడు, కొత్త పోస్టులు వేసినప్పుడు ఈ బ్లాకుల్లో తెలుగో సవరో తెలిసినవాళ్ళకి ప్రాధాన్యం ఇవ్వమని పైకి రాయాలి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందించే ఏర్పాటు చెయ్యమని రాజ్యాంగం 350-ఏ అధికరణం చెప్తోందని కింద చేర్చాం. నాలుగోది మా అత్తగారు చేర్పించింది, కార్డు పని నేర్చుకున్న వంటావిడకి ట్రైనింగు తీసుకున్నట్టు ఒక కాగితం ఇచ్చి, ఆ పనికి వేరే డబ్బు ఇవ్వాలని. కమిటీలో ఒకాయన నాలుగోది కొట్టేస్తే మిగతా మూడూ పంపిస్తానన్నాడు. కొట్టెయ్యడానికి మేమెవరం ఒప్పుకోలేదు. అర్జీ ఇంకా హెడ్‌మాస్టరుగారి టేబుల్ మీదే ఉంది, సోమవారం మళ్ళీ మీటింగ్.